నీళ్లొచ్చాక సుత్తి వెతికితే ఎలా?

* మూడేళ్లలో రెండుసార్లు యలహంక వీధుల్లోకి పడవలు
* పాత అల్యూమినియం పడవకు రివిట్లే ప్రాణం
* వదులైనప్పుడే చూసుకుంటే ఇద్దరు మనుషులు, ఒక సుత్తి చాలు

యలహంక:

హిందూపురంలో రైలెక్కి గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం దాటితే యలహంక. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరం. చెప్పుకోదగ్గ పెద్ద నదీ లేదు. ఇలాంటి ఊళ్లో పడవతో పనేముంది అనుకుంటాం. 2021 నవంబరులో ఆ పని పడింది. వారాల తరబడి కురిసిన వానలకు యలహంక చెరువు నిండి మరువ పారింది. ఆ నీళ్లు పక్కనే ఉన్న కేంద్రీయ విహార్ అపార్ట్‌మెంట్లను చుట్టుముట్టాయి. 600కు పైగా ఫ్లాట్లున్న సముదాయం అది. కార్లు మునిగాయి. కరెంటు పోయింది. ముసలివాళ్లను, పసిపిల్లల తల్లులను ట్రాక్టర్లలో, పడవల్లో బయటకు తెచ్చారు. మూడేళ్లు తిరక్కుండానే 2024 అక్టోబరులో అదే చోట మళ్లీ అదే దృశ్యం. గేటు ముందు పడవ, పడవలో పాలప్యాకెట్లు, పడవ కోసం మెట్ల మీద ఎదురుచూసే జనం!

ఆ నెల ముందే విజయవాడలో బుడమేరు పొంగి ఇళ్లు మునిగినప్పుడు కూడా ఇదే కథ. మందులు కావాలన్నా పడవే, అన్నం పొట్లాలు కావాలన్నా పడవే.

ఇలాంటప్పుడు దళాలు తెచ్చేవి ఎక్కువగా గాలి నింపే రబ్బరు పడవలు. అయితే అవి రావడానికి టైం పడుతుంది. ఈలోగా స్థానికంగా ఉన్నదే దిక్కు. చేపల కాంట్రాక్టరుదో, చెరువులో గుర్రపుడెక్క తీసేవాళ్లదో, బోటు షికారు నడిపేవాళ్లదో... ఏదో ఒక పాత పడవ. అందులో సత్తు రేకు పడవ ఉంటే అదృష్టమే. తేలిక, తుప్పు పట్టదు, రాయికి తగిలినా సొట్ట పడుతుంది తప్ప చప్పున చిరగదు. నలుగురు పట్టుకుంటే ట్రాక్టరులోకి ఎక్కేస్తుంది.

కానీ ఆ పడవ ఎక్కడుంటుంది? చెరువు కట్ట మీద బోర్లా! ఏడాదిలో పదకొండు నెలలు ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ పడి ఉంటుంది. దాన్ని తిరగేసి నీళ్లలోకి తోస్తేగానీ అసలు సంగతి తెలియదు. అడుగున ఒక చోట చెమ్మ... రెండో చోట చుక్క... అరగంటలో పాదాలు మునిగేంత నీళ్లు. రేకు చూస్తే ఎక్కడా చిల్లు లేదు. మరి నీళ్లు ఎటు నుంచి వచ్చాయి? రివిట్ల నుంచి!

బాండలి చెవి గుర్తుందా?

వంటింట్లో సత్తు బాండలి చెవులను చూడండి. ఒక్కో చెవికి రెండు రివిట్లు. కొన్నాళ్లు వాడాక చెవి కదలడం మొదలవుతుంది. మొదట కొంచెం కదులుతుంది. ఎవరూ పట్టించుకోరు. కదిలిన కొద్దీ చిల్లు పెద్దదవుతుంది. చిల్లు పెద్దదైన కొద్దీ ఇంకా ఎక్కువ కదులుతుంది. ఒకరోజు వేడివేడి నూనెతో ఉండగా చెవి చేతికి ఊడి వస్తుంది. పడవ కథ కూడా ఇంతే. బాండలికి నాలుగు రివిట్లయితే, పడవకు వందల రివిట్లు. అంతే తేడా.

పడవ అంటే ఒకే రేకు కాదు. అడుగు రేకులు, పక్క రేకులు, లోపల అడ్డంగా పక్కటెముకల్లాంటి బద్దలు, మధ్యలో వెన్నెముకలాంటి కీలు. వీటన్నిటినీ కలిపి పట్టుకునేది రివిట్లే. ఒక వైపు తయారీలోనే గుండ్రటి తల ఉంటుంది. చిల్లులో దూర్చాక రెండో వైపు తోకను కొట్టి అణిచి ఇంకో తల చేస్తారు. ఆ రెండు తలల మధ్య రేకులు బిగిసిపోతాయి. కాండం చిల్లు నిండా ఉబ్బి నీటిని ఆపుతుంది.

మరి ఎందుకు వదులవుతాయి? ఇంజను అదురు ఒక కారణం. అల మీద నుంచి అడుగు దభీమని పడటం ఇంకో కారణం. వీటికన్నా ఎక్కువ నష్టం ఒడ్డు మీద జరుగుతుంది. పడవను ఎత్తకుండా రాళ్ల మీద బరబరా ఈడ్చుకుపోతే బయటి తలలు అరిగిపోతాయి. ట్రాక్టరు ట్రాలీలో గోనెపట్టా కూడా వేయకుండా గుంతల దారిలో తీసుకెళ్తే, చెరువులో ఏడాది పడే అదురు ఒక్క రోజులో పడుతుంది.

ఇంకో శత్రువు కంటికి కనిపించదు. ఊడిన రివిట్ చోట ఇనుప బోల్టో, ఇత్తడి నట్టో బిగించేస్తుంటారు. తడి తగిలితే రెండు వేర్వేరు లోహాల మధ్య సన్నటి విద్యుత్ చర్య మొదలవుతుంది. అందులో కరిగిపోయేది అల్యూమినియమే. బోల్టు గట్టిగానే ఉంటుంది, దాని చుట్టూ రేకు తెల్లటి పొడిగా రాలిపోతుంది. ఉప్పునీళ్లలో ఇది మరీ వేగం. మురుగు కలిసిన చెరువు నీళ్లూ తక్కువేమీ కాదు.

చుక్కే కదా అనుకుంటే...

ఒక రివిట్ నుంచి సెకనుకు ఒక చుక్క కారుతోందనుకుందాం. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. అంటే గంటకు 180 మిల్లీలీటర్లు. రోజుకు 4 లీటర్లు దాటుతుంది. అలాంటివి పది ఉంటే రోజుకు 40 లీటర్ల పైమాటే. లీటరు నీళ్లు కిలో బరువు. ఒడ్డున కట్టేసి వదిలేసిన పడవ మూడో రోజుకు ఒకటిన్నర మనిషి బరువు అదనంగా మోస్తూ ఉంటుందన్నమాట.

బరువు ఒక్కటే అయితే ఫర్వాలేదు. ఆ నీళ్లు ఒక చోట ఉండవు. మనిషి ఎటు ఒరిగితే అటే పరుగెత్తుతాయి. వరదలో భయపడిన మనిషి పడవ అంచు పట్టుకుని ఎక్కబోతాడు. పడవ అటు ఒరుగుతుంది. అడుగునున్న నీళ్లూ అటే వస్తాయి. బోల్తా పడటానికి అది చాలు. పది మందిని కాపాడాల్సిన పడవకే కాపాడేవాళ్లు కావాల్సి వస్తుంది.

బెంగళూరుకు ఈ విద్య కొత్త కాదు

రేకుకు రేకు రివిట్‌తో కలపడంలో బెంగళూరు చేయి తిరిగిన ఊరు. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానం తోడ్పాటుతో ఇక్కడ హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పెట్టారు. నేటి హెచ్‌ఏఎల్‌కు అదే మొదలు. రెండో ప్రపంచ యుద్ధం ముదరడంతో 1943లో ఆ కర్మాగారాన్ని అమెరికా సైనిక వైమానిక దళానికి అప్పగించారు. 84వ ఎయిర్ డిపో అని పేరు. అక్కడ పూర్తిగా విప్పి బాగుచేసిన మొదటి విమానం ఏదో తెలుసా? కాటలీనా. అది విమానమే, పడవ కూడా!

కాటలీనాకు కింద పడవ అడుగు ఉండేది. అల్యూమినియం రేకులు, వేలాది రివిట్లు. రెక్కల పొడవు 104 అడుగులు. నీళ్లలో దిగి, నీళ్లలోంచే లేచేది. ఇప్పుడు నురగకు, మంటలకు పేరుపడిన బెళ్లందూరు చెరువులోనే ఆ రోజుల్లో కాటలీనాలు దిగేవి. అక్కడి నుంచి కర్మాగారానికి చేరేవి. నీటిని గుద్దుకుని గుద్దుకుని వదులైన రివిట్లను చూడటం, తీయడం, కొత్తవి వేయడం ఈ ఓవర్‌హాలు పనిలో తప్పని భాగం. అంటే సముద్రం లేని బెంగళూరులో అల్యూమినియం పడవల మరమ్మతు ఎనభై ఏళ్ల క్రితమే జరిగింది.

కోస్తా తెలుగువాళ్లకూ ఈ ఎగిరే పడవతో ఒక ముడి ఉంది. 1942 ఏప్రిల్ 4న సింహళం నుంచి బయల్దేరిన ఒక కాటలీనా, హిందూ మహాసముద్రంలో జపాను నౌకాదళాన్ని మొదట కనిపెట్టింది. కెనడా వైమానికుడు లియొనార్డ్ బర్చాల్ దానికి నాయకుడు. వైర్‌లెస్‌లో కబురు పంపుతుండగానే దాన్ని కూల్చేశారు. రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి.

రివిట్ విలువ తెలిపే సంఘటన మరొకటి. 1945లో పసిఫిక్ సముద్రంలో ఇండియానాపొలిస్ అనే అమెరికా యుద్ధనౌక మునిగింది. నాలుగు రోజులుగా నీళ్లలో తేలుతున్న నావికులను సొరచేపలు పీక్కుతింటున్నాయి. ఆగస్టు 2న ఏడ్రియన్ మార్క్స్ అనే పైలట్ తన కాటలీనాను నడిసముద్రంలో, ఎత్తయిన అలల మీద దించాడు. అలా దిగకూడదని ఉత్తర్వులున్నా దించాడు. ఆ దెబ్బకు అడుగు రేకుల అతుకులు విచ్చుకున్నాయి, రివిట్లు ఎగిరిపోయాయి. సిబ్బంది రివిట్ చిల్లుల్లో పెన్సిళ్లు దిగ్గొట్టారు. అతుకుల్లో దూది కూరారు. నీళ్లు తోడుకుంటూనే 56 మందిని ఎక్కించుకున్నారు. లోపల చోటు చాలక కొందరిని రెక్కల మీద పడుకోబెట్టి తాళ్లతో కట్టారు. ఆ విమానం మళ్లీ ఎగరలేదు. మనుషులు మాత్రం బతికారు.

పెన్సిలు ఆ ఒక్క రాత్రికే. తెల్లారాక దాని చోట రివిట్ పడాల్సిందే. మన చెరువు కట్టల మీద చూస్తే ఏళ్ల తరబడి పెన్సిళ్లతోనే నెట్టుకొస్తున్న పడవలు కనిపిస్తాయి. పెన్సిలు బదులు తారు, గుడ్డపీలిక, ఎపాక్సీ ముద్ద... అంతే!

ఏది వదులో కనిపెట్టేదెలా?

వదులైన రివిట్ దానంతట అదే చెబుతుంది. వినే ఓపిక కావాలి. రివిట్ తల చుట్టూ నల్లటి, బూడిదరంగు చార కనిపిస్తే, లోపల రేకు, రివిట్ రాసుకుని పొడి రాలుతోందని అర్థం. విమానాల మెకానిక్కులు దీన్ని ‘పొగ వస్తున్న రివిట్’ అంటారు. తెల్లటి పొడి కనిపిస్తే తినేస్తోందని గుర్తు. తల మీద బొటనవేలు పెట్టి, ఇంకొకరిని లోపలి నుంచి మెల్లగా తట్టమంటే కదలిక వేలికి తెలిసిపోతుంది. బిగిసిన రివిట్ శబ్దం వేరు, వదులు రివిట్ శబ్దం వేరు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టే.

కచ్చితంగా తేల్చేది నీళ్ల పరీక్ష. పడవను నీళ్లలో పెట్టడం కాదు, పడవలోనే నీళ్లు పోయడం! ముందు లోపల శుభ్రంగా ఊడ్చాలి. ఇసుక, నాచు రివిట్ల దగ్గర అడ్డుపడితే కారేది కూడా కారదు. బయట వైపు గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. పడవను దిమ్మెల మీద నిలబెట్టి, అడుగు రివిట్ల వరుస మునిగేంత నీళ్లు పోయాలి. కింద దూరి చూస్తే చుక్క ఎక్కడ పుడుతోందో కనిపిస్తుంది. ప్రతి చోటా మార్కరుతో సున్నా చుట్టాలి. ఒక గంట ఆగి మళ్లీ చూడాలి. కొన్ని ఆలస్యంగా బయటపడతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు అడుగున్న పడవలో 3 అంగుళాల నీళ్లంటే దాదాపు 340 కిలోలు. కాబట్టి దిమ్మెలు రెండు చివర్ల పెడితే మధ్యలో రేకు కుంగిపోతుంది. కీలు కింద, బద్దల కింద సమంగా ఆసరా ఉండాలి. నీళ్లతో ఉండగా పడవను ఎత్తడం, జరపడం అసలు చేయకూడదు.

చుక్క కారిన చోటల్లా తప్పు రివిట్‌దే అనుకోవడానికీ లేదు. నీళ్లు వదిలే బిరడా దగ్గర, ఇంజను బిగించే వెనుక పలక దగ్గర, రేకులో వెంట్రుకలాంటి చీలిక దగ్గర కూడా కారొచ్చు. ఒకే వరుసలో పది రివిట్లు వదులయ్యాయంటే లోపలి బద్ద విరిగిందేమో చూడాలి. బద్ద బాగు చేయకుండా రివిట్లు మార్చితే మళ్లీ వానాకాలానికి మొదటికే వస్తుంది.

ఇద్దరి పని

రివిట్ పని ఒక్కరితో అయ్యేది కాదు. ఒకరు బయట, ఒకరు లోపల. యుద్ధకాలంలో అమెరికా విమాన కర్మాగారాల్లో లక్షలాది ఆడవాళ్లు ఈ పనికి దిగినప్పుడు కూడా జోడీలుగానే చేసేవారు. ఒకరు కొట్టేవారు, ఒకరు ఆపేవారు. ఆపడం కూడా పనే. ఇంకా చెప్పాలంటే అసలు పని అదే.

రివిట్ కొంచెం వదులై, తలలు బాగానే ఉంటే దాన్ని తీయనక్కర్లేదు. బయటి గుండ్రటి తలకు డాలీ, అంటే బరువైన ఇనుప దిమ్మెను గట్టిగా ఆనించాలి. తల చెదరకుండా దిమ్మెలో దానికి సరిపడా గుంట ఉంటే మేలు. లోపలి మనిషి బాల్‌పీన్ సుత్తితో తోక వైపు నాలుగైదు దెబ్బలు వేయాలి. బలం చూపించే దెబ్బలు కాదు, లెక్క దెబ్బలు. దిమ్మె చేతిలో గంతులేస్తోందంటే సరిగా ఆనించలేదన్నమాట. ఆనించకుండా కొట్టిన ప్రతి దెబ్బా రివిట్‌ను బిగించకపోగా రేకును వంచుతుంది.

ఎక్కువ కొడితే ఎక్కువ బిగుస్తుందన్నది అపోహ. అల్యూమినియం దెబ్బలు తిన్న కొద్దీ గట్టిపడి పెళుసవుతుంది. తల అంచు పగుళ్లిస్తుంది. పక్కన రేకు పల్చనై సాగుతుంది. దాంతో నిన్నటిదాకా బాగున్న పక్క రివిట్ వదులవుతుంది. ఒకదాన్ని బిగించబోయి మూడింటిని పాడుచేసినట్టు! నాలుగైదు దెబ్బలకూ బిగియకపోతే ఆ రివిట్ పని అయిపోయిందని ఒప్పుకుని మార్చేయాలి.

తీసేటప్పుడూ తొందర పనికిరాదు. తల నట్టనడుమ పంచ్‌తో గుర్తు పెట్టాలి. కాండం కన్నా కొంచెం తక్కువ సైజు బిట్‌తో తల మందం వరకే డ్రిల్లు చేయాలి. తల ఊడి వస్తుంది. మిగతాది సన్నటి పంచ్‌తో తట్టి తోసేయాలి. రేకు చిల్లు గుండ్రంగానే మిగలాలి. అది కోడిగుడ్డులా సాగి ఉంటే అదే సైజు రివిట్ మళ్లీ వేసినా నిలవదు. ఒక సైజు పెద్దది వేసుకోవాలి.

కొత్త రివిట్ పొడవుకు ఒక లెక్క ఉంది. కలిపే రేకుల మందం, దానికి రివిట్ లావుకు ఒకటిన్నర రెట్లు కలపాలి. ఒకటిన్నర మిల్లీమీటర్ల రేకులు రెండు, రివిట్ లావు 5 మిల్లీమీటర్లు అనుకుంటే... 3 కు ఏడున్నర కలిపి పదిన్నర మిల్లీమీటర్లు. పొడవు తక్కువైతే తల సరిగా ఏర్పడదు. ఎక్కువైతే తోక వంగి పక్కకు పడుకుంటుంది. కొట్టాక ఏర్పడిన తల వెడల్పు రివిట్ లావుకు ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉంటే పని కుదిరినట్టు. షీట్‌మెటల్ ట్రేడు చదివిన ఐటీఐ కుర్రాళ్లకు ఈ లెక్క కంఠతా ఉంటుంది.

దూర్చే ముందు కాండానికి, తల కింద నీటి పడవలకు వాడే పాలీయురేథేన్ సీలెంటు కొంచెం పూయాలి. రివిట్ లోహం కూడా పడవ లోహానికి పొత్తు కుదిరే అల్యూమినియం మిశ్రమమే కావాలి. విమానాలకు వాడే కొన్ని రకాల రివిట్లను వేడిచేసి చల్లార్చాక ఐస్‌పెట్టెలో ఉంచుతారు. బయట పెడితే కాసేపటికే గట్టిపడిపోతాయి. ‘ఐస్‌బాక్స్ రివిట్లు’ అని వాటికి పేరు. చెరువు పడవకు అంత హంగామా అక్కర్లేదు. మెత్తగా అణిగే మామూలు అల్యూమినియం మిశ్రమం రివిట్ చాలు.

లోపలికి చెయ్యి దూరని చోట్లుంటాయి. బల్లల కింద, ముందు మూల. అక్కడ ఒక వైపు నుంచే బిగించే పాప్ రివిట్ తప్పదు. అయితే మామూలు పాప్ రివిట్‌కు నడుమ బోలు ఉంటుంది. దాంట్లోంచే నీళ్లు వస్తాయి. చివర మూసి ఉండే రకం అడిగి తీసుకోవాలి. ఎస్పీ రోడ్డు హార్డ్‌వేరు అంగళ్లలో ‘రివిట్ ఇవ్వన్నా’ అంటే చేతికొచ్చింది ఇస్తారు. పడవకని, చివర మూసింది కావాలని, లోపల పుల్ల కూడా ఇనుముది వద్దని విడమరిచి చెప్పాలి.

వెల్డింగ్ పెట్టిస్తే పోదా?

అందరికీ వచ్చే ఆలోచనే ఇది. పీణ్యకు తీసుకెళ్తే అరగంట పని అనుకుంటారు. రివిట్ పడవకు వెల్డింగ్ అంత తేలిక వ్యవహారం కాదు. అల్యూమినియం సుమారు 660 డిగ్రీలకు కరుగుతుంది. దాని మీద పేరుకునే సన్నటి పొర మాత్రం 2 వేల డిగ్రీలు దాటితేగానీ కరగదు. ఇనుములా ఎర్రబడి ముందే హెచ్చరించదు. చూస్తుండగానే రేకు జారిపోతుంది. పైగా ఆ వేడికి చుట్టూ రేకు ఉబ్బి, చల్లారాక ముడుచుకుంటుంది. పక్కనున్న మంచి రివిట్లు వదులవుతాయి. రేకుల నడుమ ఉన్న పాత రంగు, తారు, సీలెంటు కాలి వెల్డింగ్‌లో బుడగలు వస్తాయి. కొన్ని మిశ్రమాలు వేడికి బలం కోల్పోతాయి. అనుభవం ఉన్న అల్యూమినియం వెల్డరు, సరైన యంత్రం, ఏ రకం రేకో తెలిసి ఉండటం... ఈ మూడూ కుదిరితేనే ఆ మాట ఎత్తాలి.

ఎపాక్సీ ముద్ద సంగతీ అంతే. అది చెమ్మను ఆపుతుంది, కదలికను ఆపలేదు. కింద రివిట్ కదులుతూనే ఉంటే పైన ముద్ద పగులుతుంది. ఒడ్డు చేరేదాకా ఆదుకుంటే చాలు, దాని పని అయిపోయినట్టే.

ఇవి మరవొద్దు

* పడవను ఈడ్చొద్దు, ఎత్తాలి. ట్రాలీలో కింద పాత టైర్లో, గోనెసంచులో వేయాలి.
* బోర్లించేటప్పుడు నేల మీద కాకుండా కట్టెల మీద బోర్లించాలి. మట్టి తడి రేకును తింటుంది.
* ఇనుప బోల్టులు, ఇత్తడి నట్లు రివిట్ల చోట వాడొద్దు.
* బల్లల కింద తేలడానికి పెట్టే ఫోమ్ నీళ్లు పీల్చి బరువెక్కిందేమో నొక్కి చూడాలి.
* మరమ్మతు అయ్యాక మళ్లీ నీళ్ల పరీక్ష చేయాలి. ఆ తర్వాతే మనుషులను ఎక్కించాలి.
* ఎంత మంచి పడవైనా లైఫ్ జాకెట్లకు బదులు కాదు. ఎక్కించే మనుషుల లెక్క దాటొద్దు.

చేతులున్నాయి, పిలిచేవాళ్లే లేరు

హెచ్‌ఏఎల్ లాంటి కర్మాగారాల్లో జీవితమంతా రేకు, రివిట్ పని చేసి రిటైరైనవాళ్లు ఈ ఊళ్లో తక్కువేం లేరు. వాళ్లలో తెలుగువాళ్లూ బోలెడు మంది. అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడే ఇళ్లు కట్టుకుని స్థిరపడినవాళ్లు. యలహంకలో రెండేళ్లకోసారి విమానాల పండగ జరుగుతుంది. 1996 నుంచి సాగుతున్న ఏరో ఇండియాకు జనం విరగబడి వస్తారు. ఆకాశంలో విన్యాసాలకు చప్పట్లు కొడతారు. ఆ విమానాల ఒంటి మీద వరుసలు వరుసలుగా కనిపించే చుక్కలు రివిట్లేనని, వాటిని వేసే విద్య మన పక్కింటి తాతకు వచ్చని ఎంతమందికి తెలుసు?

ఆ విద్యకు, చెరువు కట్ట మీది పడవకు మధ్య దూరం నాలుగు వీధులే. చేపల సంఘాలు, అపార్ట్‌మెంట్ల సంఘాలు, చెరువు పరిరక్షణకు పూనుకున్న కుర్రాళ్లు కలిసి ఒక ఆదివారం కేటాయిస్తే చాలు. పెద్దాయన దిమ్మె ఎలా పట్టాలో చూపిస్తాడు. ఐటీఐ పిల్లాడు సుత్తి పడతాడు. పడవ బాగుపడుతుంది, పని ఇంకో చేతికి అందుతుంది.

ఎప్పుడు చేయాలి? ఎండలు మండే రోహిణి కార్తెలో ఒకసారి చూడాలి. రేకు ఎండి ఉంటుంది, పగుళ్లు బాగా కనిపిస్తాయి. రెండోది ఆయుధ పూజ నాడు. కన్నడ నాట, రాయలసీమలో ఆ రోజు సుత్తికి, స్పానరుకు, లారీకి, ఆటోకు బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టని చోటుండదు. కట్ట మీది పడవనే ఎవరూ తలుచుకోరు. కన్నడంలో దోణి అన్నా, తెలుగులో దోనె అన్నా అదీ ఆయుధమే కదా!

2021లో విజయదశమి అక్టోబరు 15న వచ్చింది. యలహంక మునిగింది నవంబరు మూడో వారం తర్వాత. 2024లో పండగ అక్టోబరు 12న. పది రోజులకే మళ్లీ వీధుల్లోకి పడవలొచ్చాయి. రెండుసార్లూ పండగ వెళ్లాకే నీళ్లొచ్చాయి. ఆ రోజు పడవకు బొట్టు పెట్టే ముందు ఒకసారి తిరగేసి, లోపల నాలుగు బిందెల నీళ్లు పోసి కింద చూస్తే సరి. చుక్క కారిన చోట సున్నా చుట్టండి. సుత్తి ఎలాగూ పూజలో ఉంటుంది.